చున్‌కీ చెప్పిన పేరు

మూడు నిమిషాలు మాట్లాడమంటే చున్‌కీకి మొదట నవ్వొచ్చింది. ఆల్చిప్పలు ఒలిచే పాకలో నలభై ఏళ్లు కూర్చున్న మనిషికి మూడు నిమిషాలు మాట్లాడటం ఒక పనా? మూడు నిమిషాలు నోరు మూసుకోమంటే కదా కష్టం! కానీ అడిగింది డయాలసిస్ వార్డు నర్సు పెయ్‌రోంగ్. ఆ పిల్ల ఏడేళ్లుగా వారానికి మూడుసార్లు ఆమె చేతికి సూదులు గుచ్చుతోంది. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఆ మాట కాదనడానికి చున్‌కీకి నోరు రాలేదు.

"వచ్చే నెల మీ ఊళ్లో కిడ్నీ శిబిరం పెడుతున్నాం పిన్నిగారూ. డాక్టరుగారు అరగంట మాట్లాడతారు, జనం నిద్రపోతారు. తర్వాత మీరు మూడు నిమిషాలు మాట్లాడితే లేస్తారు."

"నేను చదివింది ఆరో తరగతే అమ్మాయ్."

"మన ఇంటి భాషలోనే చెప్పండి. నేను రాసిపెడతాను. జబ్బు పడ్డవాళ్ల తరఫున ఒక్కరైనా నోరు విప్పాలి కదా. డాక్టరు చెబితే భయపడతారు, మీరు చెబితే వింటారు."

ఆ మాట చున్‌కీకి నచ్చింది. తైవాన్ పడమటి తీరంలో, ఆల్చిప్పల గుల్లలు ఇళ్ల ఎత్తున కుప్పలు పడుండే మా ఊళ్లో, ఆడదాని మాట వినేవాళ్లెవరు? మైకు ఇచ్చి మరీ వింటామంటే వదులుకుంటామా! మరుసటి డయాలసిస్‌లో, నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకుని, ఆమె మొదటి ఉపన్యాసం తయారుచేసింది. డాక్టరుగారికి కృతజ్ఞత. నర్సులకి కృతజ్ఞత. ఆసుపత్రి వ్యాను డ్రైవరుకి, మాజు అమ్మవారికి, ఉప్పు లేని కూర నోరెత్తకుండా తింటున్న మొగుడు థియామ్‌కి, అందరికీ కృతజ్ఞత.

పెయ్‌రోంగ్ గడియారం చూసింది. "దండాలు పెట్టేసరికే రెండున్నర నిమిషాలు అయిపోయాయి పిన్నిగారూ. మిగిలిన అర నిమిషంలో మీ కిడ్నీలు ఎలా పోయాయో చెప్పాలి."

"ముసలితనం."

"యాభైతొమ్మిదికి ముసలితనమా? మీ పాకలో ఉన్నవాళ్లందరినీ వదిలేసి మీ కిడ్నీలకే వచ్చిందా ముసలితనం?"

చున్‌కీ ఏడేళ్లుగా అడిగినవాళ్లందరికీ ఇదే జవాబు చెప్పింది. మొదటిరోజు డాక్టరు "నాటుమందులేమైనా వాడారా?" అని అడిగినప్పుడూ లేదనే చెప్పింది. ఆ లేదన్నమాట ఆమెది కాదు. ఆసుపత్రి వరండాలో ఆహున్ చెవిలో ఊదిన మాట. "మాత్రల సంగతి మాత్రం ఎత్తకే. ఎత్తావంటే మందులమ్మేవాళ్ల మీద పడతారు, రేడియో బున్ అన్నకి మాటొస్తుంది, అందరి మోకాళ్లూ మళ్లీ మొదటికొస్తాయి" అంది ఆహున్.

ఆహున్ అంటే చున్‌కీకి ప్రమాణం చేసిన అక్క. ఒక కడుపున పుట్టలేదు గానీ, చున్‌కీకి ఇరవై రెండేళ్లప్పుడు మాజు అమ్మవారి ముందు ఇద్దరూ అగరొత్తులు పట్టుకుని అక్కాచెల్లెళ్లమని ఒట్టు పెట్టుకున్నారు. థియామ్ పడవ తుఫానులో రెండు రోజులు కనబడకపోతే, చున్‌కీ గుమ్మంలో కూర్చుని ఆమె నోట్లో గంజి పోసింది ఆహునే. పాకలో వాళ్ల పీటలు పక్కపక్కనే. ఆహున్ పీట, చున్‌కీ పీట, అటుపక్కన సోచు పీట. సోచు వీళ్లకన్నా పదేళ్లు చిన్నది. కొండప్రాంతం నుంచి కోడలిగా వచ్చింది. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

పాకలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేడియో మోగుతూనే ఉండేది. రేడియో అంటే బున్ అన్న. రెండు పాటలు వేస్తాడు, ఒక డబ్బా అమ్ముతాడు. కానీ అమ్మినట్టుండదు. "నా అక్కల్లారా, చెల్లెళ్లారా, పొద్దున్నించీ నీళ్లలో నానిన చేతులతో నాకోసం రేడియో పెట్టారు, మీ రుణం ఎలా తీర్చుకోను!" అంటాడు. ఫలానా వాళ్ల అత్తగారు పోయిందని తెలిస్తే రేడియోలోనే దీపం పెట్టిస్తాడు. సొంత తమ్ముళ్లు ఏడాదికోసారి ఫోను చేస్తే గొప్ప, బున్ అన్న రోజూ పేరు పెట్టి పిలుస్తాడు. అలాంటివాడు వాళ్ల తాతల నాటి మూలికల మాత్రలని చెబితే ఎవరు కాదంటారు? మందు వాడినవాళ్లు ఫోను చేసి అందరూ వింటుండగా సాక్ష్యం చెప్పాలి. మా తీరంలో మొదట ఫోను చేసింది ఆహునే. "బున్ అన్నా, మూడు నెలలు వేసుకున్నాను. మెట్లెక్కుతున్నాను!" ఆ రోజు పాకంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఊరందరి డబ్బాలూ ఆహున్ చేతిమీదుగానే వచ్చేవి. ఆరు డబ్బాలకో కంబళి, పన్నెండుకో రైస్ కుక్కరు ఊరికే ఇచ్చేవారు.

చున్‌కీ పన్నెండేళ్లు వేసుకుంది, రోజుకి రెండుసార్లు, నల్ల మాత్రలు నాలుగేసి. నొప్పి నిజంగానే తగ్గింది. తగ్గకేం చేస్తుంది, మూలికల్లో నొప్పిమందు దంచి కలిపారాయె! ఆ సంగతి ఆమెకి తెలిసేసరికి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి.

ఇదంతా మొదటిసారి పెయ్‌రోంగ్‌కి చెప్పింది చున్‌కీ. ఆ పిల్ల రాసుకోవడం ఆపేసి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇదే పిన్నిగారూ, ఇదే చెప్పాలి. ఇంకా వేసుకుంటున్నవాళ్లు ఉండే ఉంటారు."

చెబుతాను, కానీ ముందు అక్కతో ఒక మాట చెప్పి చెబుతాను, అనుకుంది చున్‌కీ. వెనకనుంచి పొడవడం ఆమెకి చేతకాదు. ఆహున్ కూడా అవే మాత్రలు మింగింది కదా, ఏదో ఆమె కిడ్నీలు గట్టివి కాబట్టి తప్పించుకుంది. ఇద్దరం కలిసి మైకు ముందు నిలబడితే, మోసపోయినవాళ్లం ఇద్దరమని చెప్పుకుంటే, అందులో సిగ్గేముంది? ఇలా అనుకుంటూ నాలుగు చేపలు చేతిలో పట్టుకుని మధ్యాహ్నం ఆహున్ ఇంటి పెరటి గుమ్మంలోకి నడిచింది. పిలవలేదు. నలభై ఏళ్లలో ఎన్నడూ పిలిచి వెళ్లింది లేదు.

ఆహున్ కుళాయి దగ్గర చిన్న బల్ల మీద కూర్చుని ఉంది. ప్యాంటు తొడల దాకా మడుచుకుని కాళ్లమీద నీళ్లు పోసుకుంటోంది. పాకలో ఎప్పుడూ రబ్బరు బూట్లు, పొడుగు ప్యాంటు, కింద దాకా ప్లాస్టిక్ గుడ్డ. ఎండాకాలం కూడా. ఇవాళ ఆ మోకాళ్లు ఎండలో ఉన్నాయి. ఒక్కో మోకాలి మీదా నిలువునా జానెడు మచ్చ, అటూ ఇటూ కుట్ల గుర్తులు.

"ఇదేంటక్కా?"

ఆహున్ ప్యాంటు కిందికి లాగింది. తడిసిన గుడ్డ దిగలేదు. "చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాను."

"చిన్నప్పుడు మనిద్దరం ఒకే కాలవలో మునిగాం. రెండు మోకాళ్ల మీదా ఒకే కొలతతో పడేసిందా ఆ సైకిలు? పడేసి కుట్లు కూడా వేసిందా?"

ఆహున్ కుళాయి కట్టేసింది. "ఇనుప కీళ్లు. పదిహేనేళ్లయింది."

"పదిహేనేళ్లా!"

"తాయ్‌చుంగ్‌లో అమ్మాయి పురుడుకెళ్లానే, అప్పుడు."

"నువ్వు పురుడు పొయ్యడానికెళ్లావు. మూడు నెలలున్నావు. నేను రెండు నల్లకోళ్లు, నువ్వులనూనె సీసా పంపాను, బాలింతకని."

"పురుడు వాళ్ల అత్తగారే పోసింది. కోళ్లు నేనే తిన్నాను, ఆసుపత్రిలో." ఆహున్ నవ్వబోయింది. చున్‌కీ ముఖం చూసి మానేసింది.

చున్‌కీకి కోపం కన్నా ముందు సిగ్గు వచ్చింది. తిరిగొచ్చిన రోజు ఆహున్ పాక ఈ చివర్నుంచి ఆ చివరకి నడిచి చూపించిన సంగతి గుర్తుకొచ్చింది. "చూడండే, పద్దెనిమిదేళ్ల పిల్లలా లేనూ! మాత్రలు మానకండి, మానితే నాలా నడవలేరు." ఆ నడక చూసే చున్‌కీ నాలుగు మాత్రలని ఆరు చేసింది. ఇంకో పదేళ్లు… కాదు, ఇంకో ఎనిమిదేళ్లు వేసుకుంది. ఆ నడక ఇనుముది. ఆ ఇనుముని చూసి తను తన నెత్తురు పాడు చేసుకుంది.

"నువ్వసలు వేసుకున్నావా అక్కా?"

"ఎందుకు వేసుకోలేదే! నాలుగు నెలలు వేసుకున్నాను. కడుపులో మంట, నల్లగా విరేచనాలు. ఆపేశాను."

"ఆపి నాకు చెప్పలేదు."

"ఎలా చెప్పమంటావ్? అప్పటికే రేడియోలో చెప్పేశాను. బున్ అన్న రోజూ 'మా ఆహునక్క' అంటున్నాడు. ఊరంతా నన్ను చూసి కొన్నారు. పడలేదంటే నా ముఖాన ఉమ్మేవారు. అయినా నీకు పడ్డాయిగా! నొప్పి తగ్గిందని నువ్వే అన్నావు. నీ నోట్లో నేను కుక్కానా?"

"ఆసుపత్రి వరండాలో నా నోరు మాత్రం నువ్వే నొక్కావు."

ఆహున్ లేచి నిలబడింది. చేతులు తుడుచుకుంది. గొంతు తగ్గించింది, ఆ తగ్గించడమే చున్‌కీని ఎక్కువ కాల్చింది. "శిబిరంలో మాట్లాడతావట. విన్నాను. ఏమైనా చెప్పుకో, నా పేరు తియ్యకు. ఒట్టు పెట్టుకున్నవాళ్లం."

"ఒట్టు నీ మోకాళ్లకి కూడా చెప్పాల్సింది" అని చున్‌కీ చేపలు వెనక్కి తీసుకుని వచ్చేసింది. ఇచ్చినవి కావు కాబట్టి వెనక్కి తెచ్చుకోవడంలో తప్పు లేదని దారంతా తనకి తానే చెప్పుకుంది.

ఆ వారమంతా ఆమె ఉపన్యాసం తిరగరాసింది. ఎలా మొదలుపెట్టినా మూడో వాక్యానికి ఆహున్ దగ్గరికే వెళ్లేది. కోళ్లు వచ్చేవి, నువ్వులనూనె వచ్చేది, ఒకసారి ముప్ఫై ఏళ్ల కిందట ఆహున్ తిరిగివ్వని గొడుగు కూడా వచ్చింది. భోజనం దగ్గర థియామ్‌కి చదివి వినిపించింది.

"ఇది ఉపన్యాసం కాదే," అన్నాడు థియామ్, "కుళాయి దగ్గర కొట్లాట."

"నీకేం, కిడ్నీలున్నవాడివి!"

"ఉన్నాయి. ఒకటి నీకిస్తానంటే సరిపడలేదన్నారు. లేకపోతే ఈ ఉపన్యాసం వినే బాధ తప్పేది." అని తన గిన్నెలో ముక్క ఆమె గిన్నెలో వేశాడు. ఆమె తినలేదు.

పెయ్‌రోంగ్ దాన్ని కుదించి శుభ్రంగా టైపు చేయించి తెచ్చింది. మాత్రలని 'ఊరూపేరూ లేని మందులు' అని రాసింది. ఆహున్‌ని 'ఒక పరిచయస్థురాలు' అని రాసింది.

"పరిచయస్థురాలా?" చున్‌కీ కాగితం దూరంగా పట్టుకుంది. "బస్సులో పక్కన కూర్చున్నదాన్ని అంటారమ్మాయ్ పరిచయస్థురాలని. ఇది నా నోట్లో గంజి పోసిన చెయ్యి."

"పేర్లు చెబితే గొడవలవుతాయి పిన్నిగారూ. మనం వచ్చేది జనాన్ని కాపాడటానికి, ఎవరినీ పట్టివ్వడానికి కాదు. పేరు చెప్పనని మాటివ్వండి."

చున్‌కీ తలూపింది. తలూపడానికి ఖర్చేముంది?

శిబిరం రోజు హాలు నిండింది. వచ్చిన ప్రతివాళ్లకీ మూత్రపరీక్ష ఉచితం, ఒక సేమియా పొట్లం కూడా. మావాళ్లు పొట్లం కోసం వస్తారు, పరీక్ష పొట్లం కోసం చేయించుకుంటారు. పాకలో ఆడవాళ్లంతా వరసగా కూర్చున్నారు. ఆహున్ మూడో వరసలో, పొడుగు ప్యాంటుతో, తల నిటారుగా పెట్టుకుని కూర్చుంది. రాకపోతే అనుమానం వస్తుందని వచ్చింది. ఆ లెక్క చున్‌కీకి బాగా తెలుసు. అక్కని ఆమాత్రం ఎరగదూ!

డాక్టరు మాట్లాడాడు, జనం నిద్రపోయారు. చున్‌కీ మైకు పట్టుకుంది. సూదులతో ముద్దలు కట్టిన ఎడంచెయ్యి పైకెత్తి చూపించింది. కాగితంలో ఉన్నట్టే మొదలుపెట్టింది. రోజుకి ఎన్ని గుక్కల నీళ్లు తాగాలో, దాహం వేస్తే మంచుముక్క చప్పరించి ఎలా పూట గడపాలో, వారానికి మూడు రోజులు ఇంట్లో లేనట్టే ఎలా లెక్కో, అన్నీ చెప్పింది. నిద్రపోయినవాళ్లు లేచారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పెయ్‌రోంగ్ గోడ పక్క నిలబడి తలూపుతోంది. అప్పుడు 'ఒక పరిచయస్థురాలు' అన్న చోటికి వచ్చింది. ఆగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"నా కిడ్నీలు ముసలితనంతో పోలేదు. రేడియో మాత్రలతో పోయాయి. ఆ మాత్రలు పన్నెండేళ్లు నాకు తెచ్చిచ్చింది ఆహునక్క. తను మాత్రం నాలుగు నెలలకే మానేసింది. దొంగచాటుగా మోకాళ్లకి ఆపరేషను చేయించుకుని, మాత్రల వల్లే నడుస్తున్నానని నాకు చెప్పింది. నాకు! అమ్మవారి ముందు నాతో ఒట్టు పెట్టుకున్న మనిషి. శత్రువు పెట్టిన విషమైతే ఉమ్మేసేదాన్ని. అక్క పెట్టిందని మింగాను."

హాల్లో తలలన్నీ మూడో వరసకి తిరిగాయి. ఆహున్ లేచింది. సంచీ సర్దుకుంది. ఇనుప మోకాళ్లతో, పద్దెనిమిదేళ్ల పిల్లలాగే, తడబడకుండా వేదిక దగ్గరికి నడిచి వచ్చింది.

"చెప్పావుగా. చల్లబడిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

చల్లబడింది. అబద్ధమెందుకు, ఎన్నాళ్లనుంచో దాహంగా ఉన్న గొంతులో చల్లటి నీళ్లు పోసినట్టే ఉంది చున్‌కీకి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, తర్వాత అందరూ కొట్టారు. కిందికి దిగుతుంటే ఆడవాళ్లు చుట్టూ మూగారు. "బాగా బుద్ధి చెప్పావొదినా," అన్నారు. "దాని నడక చూస్తేనే నాకు అనుమానం," అంది నిన్నటిదాకా ఏ అనుమానమూ లేనావిడ. పెయ్‌రోంగ్ మాత్రం దగ్గరికి రాలేదు. పరీక్షల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

గుంపు సేమియా పొట్లాల వైపు కదిలాక సోచు వచ్చింది. చేతిలో పరీక్ష కాగితం ఉంది. పొట్లం తీసుకోలేదు.

"అక్కా, నా దాంట్లో రంగు మారింది. రెండుసార్లు చూశారు. ఈ వారమే పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు."

"అయ్యో! నువ్వు కూడా… ఆహునే ఇచ్చిందా నీకు కూడా?"

సోచు ఆమె వైపు చూసింది. రోజుకి పది మాటలాడే మనిషి ఆ రోజు మాటలన్నీ ఒక్కచోట ఖర్చుపెట్టింది. "ఆహునక్క మాట నేనెప్పుడూ నమ్మలేదు. అది అమ్ముకునే నోరు. తుఫానొచ్చిన ఏడాది నా నడుం పట్టేస్తే, నీ డబ్బాలోంచి తీసి నా చేతిలో పోసింది నువ్వు. 'నాకు తగ్గిందే, నువ్వూ వేసుకో' అన్నావు. నువ్వు అబద్ధం ఆడవని వేసుకున్నాను. తర్వాత నేనే తెప్పించుకున్నాను."

చున్‌కీకి గుర్తొచ్చింది. తడిచేతులు ప్లాస్టిక్ గుడ్డకి తుడుచుకుని పోసింది. ప్రేమగానే పోసింది.

"నేను మంచాన పడ్డాకైనా మానాల్సింది కదే! ఏడేళ్లు…"

"నువ్వు ముసలితనమన్నావు." సోచు గొంతు పెంచలేదు. "పండ్లు తీసుకుని మీ ఇంటికొచ్చి అడిగాను, ఎలా వచ్చిందక్కా ఈ జబ్బు అని. ముసలితనం అన్నావు. నాకప్పటికి ముసలితనం రాలేదు. అందుకని వేసుకుంటూనే ఉన్నాను. ఇవాళ పొద్దున్న కూడా వేసుకొచ్చాను."

చున్‌కీ ఏదో చెప్పబోయింది. ఆహున్ చెప్పొద్దంది అనబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, ఆహున్ కుళాయి దగ్గర అన్న మాటలాగే వినబడింది. మింగేసింది. ఇప్పటిదాకా హాయిగా చల్లగా ఉన్న గొంతు ఎండిపోయింది.

సోచు చెయ్యి పట్టుకుని పరీక్షల బల్ల దగ్గరికి నడిపించింది. తనే కుర్చీ లాగి కూర్చోబెట్టింది, తను పక్కన నిలబడింది. పెయ్‌రోంగ్ తలెత్తి చున్‌కీని చూసింది, కొత్త ఫారం తీసింది. పేరు, వయసు, ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారు, రోజుకి ఎన్ని. సోచు ఒక్కోటీ చెబుతోంది.

"మందు మొదట ఎవరిచ్చారు?"

సోచు ఒళ్లో ఉన్న చేతులకేసి చూసుకుంది.

"ఉంగ్ చున్‌కీ," అంది చున్‌కీ.

పెయ్‌రోంగ్ కలం కదల్లేదు. "మీ పేరు కాదు పిన్నిగారూ. ఈవిడకి మందిచ్చినవాళ్ల పేరు."

"ఆ పేరే చెబుతున్నాను," అంది చున్‌కీ. "రాసుకో."